రెమిడియల్ క్లాసు టైం టేబుల్లోకి రావాలి

సంపాదకులు గారికి,

డిగ్రీ సెమిస్టర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా ఉత్తీర్ణత శాతమే వార్త అవుతుంది. ఏ పేపరు దగ్గర ఎంతమంది ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో ఎవరూ అడగరు. నల్లగొండలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ కింద, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ కింద చదివే పిల్లల్లో చాలామంది ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళు అంతకుముందు లేరు. ట్యూషన్ పెట్టించుకునే స్తోమత ఉండదు, సందేహం వస్తే అడగడానికి ఇంట్లో మనిషి ఉండడు. కాలేజీలో దొరికే సాయమే వాళ్ళకు ఆధారం. ఆ సాయం ఇప్పుడు నడుస్తున్న తీరు మారాలి. పాఠం అందనివాళ్ళ కోసం విడిగా పెట్టే రెమిడియల్ క్లాసును విద్యార్థి పేరు మీద కాకుండా పేపరు పేరు మీద పెట్టాలని, సెమిస్టర్ మొదటి వారం నుంచే టైం టేబుల్లో చోటివ్వాలని మా మనవి.

ఇప్పుడు జరుగుతున్నది ఇది. మొదటి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక తక్కువ మార్కులొచ్చిన వాళ్ళ జాబితా తయారవుతుంది. కాలేజీలకు గ్రేడులిచ్చే జాతీయ సంస్థ న్యాక్ మూల్యాంకనంలో స్లో లెర్నర్లకు, అడ్వాన్స్‌డ్ లెర్నర్లకు వేర్వేరుగా ఏం చేశారని అడుగుతూ వచ్చారు కాబట్టి ఆ జాబితా ఫైల్లో ఉండాలి. నాలుగు గంటల తర్వాత కొన్ని క్లాసులు పెడతారు, సంతకాలు తీసుకుంటారు, ఫొటో దిగుతారు. చెప్పే అధ్యాపకులు మనసు పెట్టే చెబుతారు. కానీ అప్పటికి సెమిస్టర్ సగం దాటిపోయింది. సీబీసీఎస్ (కొన్ని సబ్జెక్టులను విద్యార్థే ఎంచుకునే క్రెడిట్ల) పద్ధతిలో సెమిస్టర్ అంటే 15 నుంచి 18 వారాలు, 90 బోధన దినాలు. ఎనిమిదో వారంలో ఇంటర్నల్, పదో వారంలో జాబితా, పదకొండో వారంలో క్లాసు అంటే మిగిలేది నాలుగు నుంచి ఏడు వారాలు. మొదటి యూనిట్ అర్థం కానివాడికి అప్పుడు నాలుగో యూనిట్ నడుస్తుంటుంది. పైగా తన పేరు ఆ జాబితాలో పడిందని తోటివాళ్ళకు తెలిసిపోతుందని అసలు అవసరమున్న పిల్లలే రారు. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువ.

ఇదే సాయాన్ని వేరేలా చేసే పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడ కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ చదువు. మొదటి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ ఇలినాయ్‌లోని జోలియట్‌లో 1901లో మొదలైంది. అక్కడ ప్రవేశానికి పెద్ద అడ్డంకులు ఉండవు. ఎవరినైనా చేర్చుకుంటారు కాబట్టి, చేరినవాళ్ళు నిలబడేలా చూడటం కూడా కాలేజీ పనే అనుకుంటారు. ట్యూటరింగ్ సెంటర్ లైబ్రరీ మాదిరిగా రోజంతా తెరిచి ఉంటుంది. చదువు సాయంలో అక్కడ చాలాచోట్ల వాడే పద్ధతి ఒకటి 1973లో మిస్సోరి యూనివర్సిటీ కాన్సస్ సిటీ క్యాంపస్‌లో డియానా మార్టిన్ మొదలుపెట్టారు. దాని పేరు సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్. బలహీనమైన విద్యార్థులను వెతకడం ఆమె మానేసి, కష్టమైన కోర్సులను గుర్తించారు. ఏ కోర్సులో 30 శాతం, అంతకు మించి విద్యార్థులు తప్పడమో, అట్టడుగు గ్రేడుతో బయటపడటమో, మధ్యలో వదిలేయడమో జరుగుతుందో ఆ కోర్సుకు సాయం జోడిస్తారు. ఆ కోర్సు మంచి గ్రేడుతో పాసైన సీనియర్ మళ్ళీ అదే క్లాసులో కూర్చుంటాడు, నోట్సు రాసుకుంటాడు, వారంలో రెండు మూడుసార్లు క్లాసు బయట చర్చ నడుపుతాడు. ఇష్టమున్న ప్రతివాళ్ళూ రావచ్చు. తొంభై మార్కులు తెచ్చుకునే పిల్ల, ముప్పై దగ్గర ఆగే పిల్లవాడు పక్కపక్కన కూర్చుంటారు. అందుకే అక్కడికి వెళ్ళడం ఎవరికీ నామోషీ కాదు.

ఇది మన దగ్గర చేయడానికి కొత్త భవనం, కొత్త పోస్టు అక్కర్లేదు. ముందుగా కావలసింది లెక్క. గడిచిన మూడేళ్ళ ఫలితాలు పేపరువారీగా పరీక్షల విభాగంలోనే ఉంటాయి. ప్రతి పేపరుకు హాజరైనవాళ్ళెందరు, 40 మార్కులు రానివాళ్ళెందరు అని రెండు గళ్ళు గీస్తే సాయంత్రానికల్లా విషయం తేలిపోతుంది. అయిదారు పేపర్లే మళ్ళీమళ్ళీ కనిపిస్తాయి. బీకాంలో ఫైనాన్షియల్ అకౌంటింగ్, బిజినెస్ స్టాటిస్టిక్స్, బీఎస్సీలో కాలిక్యులస్, ఆ తర్వాత రియల్ అనాలిసిస్, కంప్యూటర్స్‌లో సీ ప్రోగ్రామింగ్, అన్ని గ్రూపుల్లో ఇంగ్లీషు. కాలేజీని బట్టి ఒకటి రెండు మారవచ్చు.

అకౌంటింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బీకాం కంప్యూటర్స్‌లో చేరేవాళ్ళలో చాలామంది ఇంటర్‌లో కామర్స్ ఉండే సీఈసీ చదివినవాళ్ళు కారు. బైపీసీ నుంచి, హెచ్‌ఈసీ నుంచి, వొకేషనల్ నుంచి వస్తారు. డెబిట్, క్రెడిట్ అన్న మాటలు మొదటిసారి వింటారు. అయినా తొలి వారంలోనే జర్నల్ (లావాదేవీలు వరుసగా రాసే పుస్తకం), రెండో వారంలో లెడ్జర్ (ఖాతాలవారీ పుస్తకం) అయిపోతాయి. విద్యార్థి మూడు సూత్రాలు ఇంగ్లీషులో బట్టీ పడతాడు. ‘గోపాల్ దగ్గర 5,000 రూపాయల సరుకు అరువుకు కొన్నాం’ అనగానే ముందు కనిపించిన గోపాల్ ఖాతాను డెబిట్ చేస్తాడు. డెబిట్ కావలసింది కొనుగోళ్ళ ఖాతా, క్రెడిట్ కావలసింది గోపాల్ ఖాతా. ఈ తప్పు, అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలను సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్‌లో బయటపడదు, ఎందుకంటే రెండు వైపులా అవే 5,000 ఉంటాయి. టాలీ అయింది కాబట్టి లెక్క సరైందే అనుకుని ముందుకు పోతాడు. లాభనష్టాలు తేల్చే ఫైనల్ అకౌంట్స్‌కు వచ్చేసరికి అదే తప్పు లాభాన్ని తారుమారు చేస్తుంది, ఎక్కడ పోయిందో వాడికి అంతు పట్టదు.

ట్రయల్ బ్యాలెన్స్ టాలీ కానప్పుడు వెతకడానికీ దారులున్నాయి. తేడాను సగం చేసి ఆ అంకె ఏ ఖాతాలో ఉందో చూడాలి. 750 రూపాయలను డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో వేస్తే తేడా 1,500 వస్తుంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారై ఉండవచ్చు. 5,400ను 4,500 అని రాస్తే తేడా 900. అరవై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరి పుస్తకం చూసి ఇది చూపించడం అధ్యాపకుడి వల్ల కాదు. ఆరుగురి మధ్య కూర్చున్న సీనియర్‌కు పావుగంట పని.

గణితంలో గొడవ ఇంకోచోట ఉంటుంది. సైన్ స్క్వేర్ ఎక్స్‌ను అవకలనం చేయమంటే టూ సైన్ ఎక్స్ దగ్గరే ఆపేస్తారు, కాస్ ఎక్స్‌తో గుణించరు. అలా గుణించాలనే చైన్ రూల్ ఇంటర్‌లోనే చెప్పి ఉంటారు, చేతికి రాలేదంతే. దాంతో పార్షియల్ డిఫరెన్షియేషన్ చాప్టర్ మొత్తం కూలిపోతుంది. ఆయిలర్ సిద్ధాంతం దగ్గర మరో తప్పు జరుగుతుంది. అది హోమోజీనియస్ (సమఘాత) ప్రమేయాలకే వర్తిస్తుంది. యూ అనేది టాన్ ఇన్వర్స్ రూపంలో ఇచ్చినప్పుడు యూ హోమోజీనియస్ కాదు, టాన్ యూ మాత్రమే హోమోజీనియస్. సిద్ధాంతాన్ని టాన్ యూకు వర్తింపజేసి, తర్వాత సెక్ స్క్వేర్ యూతో భాగించాలి. పిల్లలు నేరుగా యూకు వేసేస్తారు. ఇవన్నీ ఎప్పుడూ పడే చోటే పడే తప్పులు. వాటిని ఒక్కో యూనిట్‌కు ఒక్కో కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు, ఏటా పనికొస్తుంది.

తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి ఇంగ్లీషు మాధ్యమంలో చేరిన పిల్లల ఇబ్బంది వేరు. జీవశాస్త్రంలోనో, అర్థశాస్త్రంలోనో విషయం తెలుసు, రాయడానికి వాక్యం రాదు. వీళ్ళకు గ్రామర్ క్లాసు పెడితే లాభం తక్కువ. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో వేసింది. చాలా లైబ్రరీల్లో అవి బీరువాల్లో ఉన్నాయి. పాఠాన్ని ముందు తెలుగు పుస్తకంలో చదివించి, తర్వాత ఇంగ్లీషు పుస్తకంలోని అదే పాఠం తెరిపించాలి. యూనిట్‌కు ఇరవై మాటల చొప్పున రెండు భాషల్లో పట్టిక ఇవ్వాలి. వారానికి ఒక్క ప్రశ్నకు సొంతంగా పది వాక్యాలు రాయించి దిద్దాలి. దిద్దేటప్పుడు ప్రతి స్పెల్లింగ్‌కూ ఎర్ర సిరా పెట్టకూడదు. నిర్వచనం సరిగ్గా వచ్చిందా, పటం గుర్తులతో ఉందా అన్నవే ముందు చూడాలి. మిగతావి మెల్లగా సర్దుకుంటాయి.

టైము దగ్గర చాలా మంచి ప్రయత్నాలు చెడిపోతున్నాయి. నల్లగొండకు దేవరకొండ, మునుగోడు, చండూరు దిక్కు నుంచి, మహబూబ్‌నగర్‌కు కోస్గి, మద్దూరు, దేవరకద్ర దిక్కు నుంచి, నాగర్‌కర్నూల్‌కు అచ్చంపేట, కొల్లాపూర్ దిక్కు నుంచి పిల్లలు రోజూ బస్సుల్లో వస్తారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. దానివల్ల కాలేజీకి రావడం తేలికైంది. కానీ ఊరికి పోయే బస్సు తప్పితే తర్వాతి బస్సు చీకటి పడ్డాకే. నాలుగు గంటల తర్వాత క్లాసు పెడితే ఊళ్ళ పిల్లలు రాలేరు, పట్నంలో ఉన్నవాళ్ళే మిగులుతారు. సాయం ఎవరికి కావాలో వాళ్ళకే అందదు.

నాలుగు గంటల లోపే క్లాసు పెట్టడానికి వీలు టైం టేబుల్లోనే ఉంది. బీఎస్సీలో ప్రాక్టికల్స్‌కు సెక్షన్‌ను రెండు బ్యాచ్‌లు చేసినచోట, ఒక బ్యాచ్ ల్యాబ్‌లో ఉన్నప్పుడు రెండో బ్యాచ్‌కు పని ఉండదు. ఆ గంటలు చెట్ల కింద పోతున్నాయి. వాటినే కాలిక్యులస్‌కు ఇవ్వవచ్చు. బీకాం, బీఏలకు ల్యాబ్ తక్కువ కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ముందు వారానికి రెండు గంటలు తీసి పెట్టాలి. గది నంబరుతో సహా టైం టేబుల్లో అచ్చు కావాలి. ఇంగ్లీషు గంటకో, ఎన్‌ఎస్‌ఎస్ గంటకో ఎంత గౌరవం ఉందో దీనికీ అంతే ఉండాలి.

మొదటి వారంలో ఒక చిన్న పరీక్ష పెట్టాలి. ఇరవై ప్రశ్నలు, నలభై నిమిషాలు, మార్కులు ఎక్కడా కలపరు, బోర్డు మీద పెట్టరు. అకౌంటింగ్‌కైతే శాతాలు, భాగాహారం, అయిదు లావాదేవీలు. గణితానికైతే భిన్నాలు, కారణాంకాలు, త్రికోణమితి విలువలు, అయిదు అవకలనాలు. ఎవరికి ఏది రాదో కాకుండా, క్లాసులో సగం మందికి ఏది రాదో ఇందులో చూడాలి. అది తెలిస్తే ట్యూటర్‌కు, అంటే చర్చ నడిపే సీనియర్‌కు, మొదటి రెండు వారాల పని తేలినట్టే. నాలుగో వారం చివర పదిహేను మార్కులకు ఇంకో పరీక్ష. ఆరు దాటనివాళ్ళతో మెంటర్ అధ్యాపకుడు విడిగా మాట్లాడాలి. ఇంటర్నల్ దాకా ఆగకూడదు.

డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్ ద్వారా చివరి విడతల్లో సీటు వచ్చినవాళ్ళ సంగతి మర్చిపోతుంటారు. వాళ్ళు చేరేసరికి మూడు నాలుగు వారాల పాఠాలు అయిపోయి ఉంటాయి. వాళ్ళను నేరుగా క్లాసులో కూర్చోబెట్టి ‘నోట్సు ఎవరినైనా అడిగి రాసుకో’ అంటే వాళ్ళు రాసుకుంటారు, అర్థం చేసుకోరు. వీళ్ళకోసం పన్నెండు గంటల బ్రిడ్జి కోర్సు కావాలి, రెండు వారాల్లో రోజుకొక గంట. పత్తి ఏరే రోజుల్లో ఇంటి పనికి ఆగిపోయే పిల్లలకూ, తల్లిదండ్రులతో వలస పోయి వచ్చే పాలమూరు పిల్లలకూ అవే కాగితాలు ఉపయోగపడతాయి. హాజరు 75 శాతం కంటే తగ్గితే స్కాలర్‌షిప్‌కు ఇబ్బంది అని చెప్పి వదిలేస్తే వాళ్ళు కాలేజీ మానేస్తారు. తప్పిన పాఠం ఏదో, ఎక్కడ దొరుకుతుందో చెబితే తిరిగి వస్తారు.

ఇక ట్యూటర్ల ఎంపిక. ఆ పేపరులో అరవై మార్కులు దాటిన ద్వితీయ, తృతీయ సంవత్సరం విద్యార్థులను తీసుకోవాలి, పాఠం చెప్పిన అధ్యాపకుడి సిఫారసు ఉండాలి. క్లాస్ ఫస్ట్ వచ్చిన పిల్లే మంచి ట్యూటర్ అవుతుందని లేదు. మొదట తడబడి తర్వాత పట్టు సాధించినవాళ్ళు ఇతరులు ఎక్కడ తడబడతారో ముందే పసిగడతారు. అమెరికా కాలేజీల్లో ట్యూటర్ల శిక్షణ కార్యక్రమాలకు గుర్తింపునిచ్చే సీఆర్‌ఎల్‌ఏ సంస్థ మొదటి స్థాయికి పది గంటల శిక్షణ, ఇరవై అయిదు గంటల ట్యూటరింగ్ అడుగుతుంది. మనమూ పది గంటలు ఇవ్వవచ్చు, రెండు శనివారాల పని.

ఆ శిక్షణలో ముఖ్యమైనవి తక్కువే. కలం నేర్చుకునేవాడి చేతిలోనే ఉండాలి. ట్యూటర్ లెక్క చేసి చూపిస్తే అప్పటికి అర్థమైనట్టే ఉంటుంది, ఇంటికి పోయాక రాదు. ‘అర్థమైందా’ అని అడగకూడదు, అందరూ తల ఊపుతారు. ‘తర్వాతి మెట్టు ఏంటి’ అని అడగాలి. అడిగాక జవాబు కోసం ఆగాలి, మౌనం భరించలేక తానే చెప్పేయడం కొత్త ట్యూటర్లందరూ చేసే తప్పు. గంట ముగిసేలోపు ప్రతి ఒక్కరూ ఒక లెక్క ఒంటరిగా చేయాలి. అసైన్‌మెంట్లు రాసిపెట్టడం, ప్రాక్టికల్ రికార్డులు నింపడం ససేమిరా కుదరదు. ఒకసారి మొదలైతే ట్యూటర్ గది రికార్డులు కాపీ చేసే గది అయిపోతుంది. గుంపులో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటే బాగుంటుంది. పన్నెండు దాటితే అది మళ్ళీ క్లాసే. గది తలుపులు తెరిచి ఉంచాలి, ఆడపిల్లల గుంపుకు వీలైనంత వరకు ఆడపిల్లే ట్యూటర్‌గా ఉండటం మంచిది. ఎవరైనా చదువు మీద కాక బతుకు మీదే విరక్తితో మాట్లాడితే ట్యూటర్ సర్దిచెప్పబోకుండా ఆ రోజే మెంటర్‌కు చెప్పాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ నంబరు 14416 గోడ మీద రాసి ఉండాలి.

ఖర్చు కూడా లెక్క వేద్దాం. అయిదు పేపర్లు, పేపరుకు రెండు గుంపులు, గుంపుకు వారానికి రెండు గంటలు, పన్నెండు వారాలు. మొత్తం 240 గంటలు. గంటకు 150 రూపాయలు ఇస్తే సెమిస్టర్‌కు 36,000 రూపాయలు. కాలేజీ అభివృద్ధి మండలి నిధి నుంచో, పూర్వ విద్యార్థుల విరాళం నుంచో ఇది సమకూరుతుంది. డబ్బు ఇవ్వకుండా సేవగా చేయించుకోవాలని చూస్తే మూడో వారానికి ట్యూటర్లు రారు. ఆ పిల్లలు కూడా సాయంత్రం దుకాణాల్లో పనిచేసుకునేవాళ్ళే. గెస్ట్ లెక్చరర్ల విషయమూ ఇంతే. గంటల లెక్కన గౌరవ వేతనం తీసుకునేవాళ్ళకు రెమిడియల్ గంటను లెక్కలో చేర్చకుండా చెప్పమనడం న్యాయం కాదు.

లైబ్రరీ నుంచి రెండే కావాలి. ఆ అయిదు పేపర్ల పాఠ్యపుస్తకాలు రెండేసి ప్రతులు ఇంటికి ఇవ్వకుండా అక్కడే చదువుకోవడానికి ఉంచాలి. గత అయిదేళ్ళ ప్రశ్నపత్రాలు యూనిట్‌వారీగా విడదీసి బైండు చేయించాలి.

వైకల్యం ఉన్న విద్యార్థుల హక్కుల గురించి ఒక మాట, దీనిలో నష్టం సరిదిద్దలేనిది కాబట్టి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు లేకపోవడం, నడక, చేతుల కదలిక ఇబ్బందులతో పాటు డిస్‌లెక్సియా లాంటి నేర్చుకోవడంలోని ఇబ్బందులూ అందులో ఉన్నాయి. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్ (బదులుగా జవాబులు రాసిపెట్టే మనిషి) అర్హత ఉన్నవాళ్ళకు పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు మరో గంట అన్నమాట. స్క్రైబ్ తీసుకోకుండా సొంతంగా రాసినా ఆ సమయం వర్తిస్తుంది. వైకల్యం 40 శాతం లోపే ఉండి రాయడం కష్టమైనవాళ్ళకు 2022లో విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు బిగిసినవాళ్ళున్న ప్రాంతం మనది. మూడు గంటలు ఆగకుండా రాయలేని పిల్లలు ఇక్కడ ఉండటం ఆశ్చర్యం కాదు. పరీక్ష హాలు గుమ్మం దగ్గర అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌తోనో, ప్రభుత్వ ఆసుపత్రి వైద్యాధికారి ఇచ్చిన ధ్రువపత్రంతోనో దరఖాస్తు ఇవ్వాలి. అడ్మిషన్ ఫారంలో వైకల్యం అని రాసిన ప్రతి విద్యార్థినీ మొదటి నెలలోనే పిలిచి ఈ సంగతి చెప్పడం మెంటర్ బాధ్యత చేయాలి.

ఫలితం కొలవడానికి సంతకాల రిజిస్టరు చాలదు. ప్రతి పేపరుకు మూడు అంకెలు రాయాలి. సెమిస్టర్ ఆఖరుకు నాలుగుసార్లకు మించి ట్యూటర్ దగ్గరకు వచ్చినవాళ్ళెందరు, వాళ్ళలో పాసైనవాళ్ళెందరు, అసలు రానివాళ్ళలో పాసైనవాళ్ళెందరు. శ్రద్ధ ఉన్న పిల్లలే ఎక్కువగా వస్తారు కాబట్టి ఆ తేడా అంతా ట్యూటర్ గొప్పతనం అనుకోకూడదు. మొదటి వారం పరీక్షలో ఒకే మార్కులు వచ్చినవాళ్ళను పోల్చి చూస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. రెండు సెమిస్టర్లు చూసి కూడా తేడా లేకపోతే ట్యూటర్‌ను, గంటను, కాగితాలను మార్చి చూడాలి.

రెండు యూనివర్సిటీల అధికారులకు మా అభ్యర్థన: పేపరువారీ ఉత్తీర్ణత వివరాలను ప్రతి సెమిస్టర్ ఫలితాలతో పాటే కాలేజీలకు పంపండి. ప్రిన్సిపాళ్ళకు మా అభ్యర్థన: వచ్చే సెమిస్టర్ టైం టేబుల్ అచ్చు వేసేముందు ఒక్క పేపరుకైనా ఈ రెండు గంటలు కేటాయించండి. అకౌంటింగ్‌తో మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. ఆ కాగితాలు తయారు చేయడం, ట్యూటర్లకు పది గంటల శిక్షణ ఇవ్వడం మా వంతు. అడిగిన కాలేజీకి వచ్చి చేస్తాం.

ఇట్లు,
కామర్స్, గణితం బోధించే కొందరు డిగ్రీ కళాశాల అధ్యాపకులు,
నల్లగొండ – మహబూబ్‌నగర్